కొలతలో న్యాయం

అంకెకు పక్షం లేదని మనలో చాలామందికి ఒక నమ్మకం వుంది. అభిప్రాయాలలో వర్గాలుంటాయి, వ్యాఖ్యానాలలో స్వార్థాలుంటాయి. కాని త్రాసు ముల్లుకు గాని, ఉష్ణమాపకంలోని పాదరసానికి గాని ఏ స్వార్థమూ లేదు గనుక, కొలిచి చెప్పిన మాట నిష్పక్షపాతమైన మాట అని ఆ నమ్మకం. భౌతికవాదులమని చెప్పుకునేవారిలో ఇది మరీ గట్టిగా వుంటుంది. మూఢత్వంతో పోరాడిన తరాలకు అంకె ఒక ఆయుధమైంది కాబట్టి అది సహజమే. అయితే ముల్లు అబద్ధమాడకపోయినా, త్రాసులో ఏది వెయ్యాలో, ఏ గదిలో తూచాలో, వచ్చిన బరువును దేనితో భాగించాలో నిర్ణయించేది మనిషే. ఆ నిర్ణయాలలో న్యాయాన్యాయాల ప్రసక్తి వుందా, లేదా? ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్న ప్రశ్న ఇదే.

ప్రశ్నను గాలిలో చర్చించడం కంటే ఒక ఉదాహరణ పట్టుకుని చర్చించడం మేలు. మధుమేహ పరిశోధన కోసం ప్రయోగశాలలలో ఎలుకలను, చిట్టెలుకలను పెంచుతారు. అవి ఎంత తిన్నాయి, ఎంత ప్రాణవాయువు పీల్చుకున్నాయి, ఎంత శక్తి ఖర్చు చేశాయి, రక్తంలోకి వచ్చిన చక్కెరను ఎంతసేపటికి సర్దుకున్నాయి అని కొలుస్తారు. జీవక్రియను కొలవడమంటే ఇదే. సాహిత్యం బోధించేవారికీ, విద్యార్థి ఉద్యమంలో వున్నవారికీ దీనితో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. రెండు విధాలుగా పని వుంది.

మొదటిది, ఆ వ్యాధి మనది. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం ఈ దేశంలో 10.1 కోట్ల మందికి, అనగా పెద్దవారిలో నూటికి 11.4 మందికి మధుమేహం వుంది. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో నిలబడి వున్నారు. విజయవాడ సూర్యారావుపేట వీధులలో వైద్యుల పేరుపలకల కింద, తెల్లవారగానే పరగడుపున వచ్చి రక్తపరీక్షకు కూర్చునేవారిని చూస్తే ఇది బొజ్జ పెరిగిన షావుకారు జబ్బుగా మిగలలేదని తెలుస్తుంది. ఆటో తోలేవాడికీ వస్తున్నది, నాట్లు వేసే ఆమెకూ వస్తున్నది. వారు మింగే మందులలో దాదాపు ప్రతిదీ వారికంటే ముందు ఏదో ఒక జంతువు శరీరం గుండా నడిచి వచ్చింది.

రెండవది, చట్టం. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టాన్ని మన పార్లమెంటు 1960లో చేసింది. ఆ చట్టం కింద తరువాత వచ్చిన నియమాల ప్రకారం జంతువుల మీద ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ ఒక నైతిక సంఘం వుండాలి. అందులో శాస్త్రజ్ఞులూ, పశువైద్యుడూ కాక, శాస్త్రరంగానికి చెందని, సామాజిక స్పృహ గల సభ్యుడు ఒకరు వుండి తీరాలి. అంటే చట్టం మనలాంటివారి కోసం ఒక కుర్చీ వేసి వుంచింది. ఆ కుర్చీలో కూర్చున్నవారు విషయం తెలియని జాలితో తల అడ్డంగా వూపినా, విషయం తెలియని గౌరవంతో కాగితం మీద సంతకం పెట్టినా ఆ కుర్చీ వృథాయే. వారు అడగవలసిన ప్రశ్నలేమిటి? అవి తెలియాలంటే ముందు కొలిచే పద్ధతి కొంత తెలియాలి.

ప్రాణి ఖర్చు చేసే శక్తిని కొలవడం పాత విద్యే. 1783 ప్రాంతంలో ఫ్రాన్సులో లవోయిజే, లాప్లాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక గినీపందిని చుట్టూ మంచు పేర్చిన పాత్రలో వుంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. అది విడిచిన వాయువును లెక్కకట్టారు. పొయ్యిలో బొగ్గు మండడమూ, ప్రాణి ఊపిరి తీయడమూ ఒకే జాతి క్రియలని తేల్చారు. ప్రాణమంటే ఏదో అదృశ్యశక్తి అని పండితులు సైతం నమ్మిన కాలంలో అది భౌతికవాదానికి దక్కిన గొప్ప విజయం. తరువాత ఒకటిన్నర శతాబ్దానికి, కణంలో శక్తి చేతులు మారడానికి నాణెంలా పనికివచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. కనుక ఈ విద్యతో గోదావరి, కృష్ణా గట్ల మీది మనుషులకు బొత్తిగా చుట్టరికం లేకపోలేదు.

ఇప్పటి పద్ధతిలో మంచు లేదు. చిట్టెలుకను మూత బిగించిన గూటిలో వుంచి, లోపలికి పోయే గాలినీ బయటికి వచ్చే గాలినీ యంత్రంతో పోల్చి చూస్తారు. ప్రాణవాయువు ఎంత తగ్గింది, బొగ్గుపులుసు వాయువు ఎంత పెరిగింది అన్న రెండు లెక్కల నుంచి అది ఎంత శక్తి ఖర్చు చేసిందో తేలుతుంది. విడిచిన వాయువును పీల్చుకున్న వాయువుతో భాగిస్తే, పిండిపదార్థం కాలుతున్నప్పుడు 1 వస్తుంది, కొవ్వు కాలుతున్నప్పుడు సుమారు 0.7 వస్తుంది. దానిని బట్టి లోపల ఏ ఇంధనం మండుతున్నదో కూడా చెప్పవచ్చు. చక్కెర పరీక్ష వేరు. ఎలుకను కొన్ని గంటలు పస్తుంచి, గ్లూకోజును నోటిద్వారానో సూదిద్వారానో ఎక్కించి, రెండు గంటల పాటు మధ్యమధ్య తోక చివరనుంచి రక్తపు చుక్క తీసి చూస్తారు. యంత్రాలు నమ్మదగినవే. చిక్కంతా యంత్రానికి అటూ ఇటూ వున్నది.

మొదటి చిక్కు గది దగ్గర వస్తుంది. ప్రయోగశాలలలో చిట్టెలుకల గదులను సాధారణంగా 20 నుంచి 22 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర వుంచుతారు. పైన అంగీ, దాని మీద తెల్లకోటు వేసుకుని పనిచేసే మనిషికి అది హాయి. చిట్టెలుకకు హాయి 30 డిగ్రీల దగ్గర, అంటే మన బెజవాడలో మాఘమాసపు మధ్యాహ్నం వుండే వెచ్చదనం దగ్గర. అరచేతిలో ఇమిడే ఆ శరీరం నుంచి వేడి త్వరగా పోతుంది. 22 డిగ్రీల గదిలో అది తిన్న తిండిలో పెద్ద భాగాన్ని కేవలం ఒళ్లు వెచ్చగా వుంచుకోవడానికే తగలేస్తుంది. అందుకోసం ఎక్కువ తింటుంది, దాని గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ప్రపంచమంతటా ‘మామూలు ఎలుక’ అని పుస్తకాలకెక్కింది చలికి వణికే ఎలుక. కొవ్వు కరిగించే మందు ఒకటి దాని మీద పనిచేసిందంటే, వెచ్చని ఇంట్లో గుడ్డలు కట్టుకుని బతికే మనిషి మీద కూడా అలాగే పనిచేస్తుందని చెప్పడానికి వీలులేదు.

పస్తు విషయమూ ఇంతే. చిట్టెలుక రాత్రించరం, దాని తిండి చాలావరకు రాత్రిపూటే. మనిషి రాత్రి పడుకుని పొద్దున్నే పరగడుపున పరీక్షకు వస్తాడు గనుక ఎలుకను కూడా రాత్రంతా పస్తుంచడం చాలా చోట్ల ఆనవాయితీగా సాగింది. మనకు అది ఒక నిద్ర, దానికి అది ఒక పూర్తి దినపు ఆకలి. తెల్లవారేసరికి దాని బరువు తగ్గుతుంది, కాలేయంలో దాచుకున్న నిల్వలు ఖాళీ అవుతాయి. ఆ స్థితిలో చేసిన పరీక్ష చక్కెర జబ్బును కొలిచిందా, ఆకలిని కొలిచిందా? ఈ కారణం చేతనే ఐదారు గంటల పస్తు చాలునని ఈనాడు చాలామంది పరిశోధకులు అంటున్నారు.

ఈ రెండు తప్పులకూ మూలం ఒకటే. కొలిచేవాడు తనకు హాయినిచ్చే వేడిని, తన నిద్రను, తన దినచర్యను ప్రకృతి నియమంగా భావించుకుని, కొలవబడే ప్రాణిని అందులో ఇరికించాడు. ఇందులో దుర్మార్గం లేదు, అలవాటు మాత్రమే వుంది. అయితే బలవంతుడి అలవాటు బలహీనుడికి నియమమైపోవడం మనకు తెలియని సంగతి కాదు. ఫ్యాక్టరీలో పని లెక్కలు కట్టినవాడు పంకా కింద కూర్చుని బట్టీ దగ్గర నిలబడ్డవాడి సోమరితనాన్ని కొలవడం మనం చూశాం. ఎలుకకూ కార్మికుడికీ పోలిక తెచ్చి కార్మికుణ్ణి కించపరచడం ఇక్కడ ఉద్దేశం కాదు. కొలతలో దొర్లే దోషం రెండు చోట్లా ఒకే జాతికి చెందినదని చెప్పడమే ఉద్దేశం.

రెండవ చిక్కు భాగహారం దగ్గర వస్తుంది. లెక్క సులువు కోసం ఇలా అనుకుందాం. ఒక మామూలు చిట్టెలుక బరువు 25 గ్రాములు, లావెక్కినదాని బరువు 50 గ్రాములు. గంటలో మొదటిది 100 పాళ్ల ప్రాణవాయువు వాడింది, రెండవది 130 పాళ్లు వాడింది. మొత్తం మీద చూస్తే లావెక్కినదే ఎక్కువ ఖర్చు చేస్తున్నది. కాని బరువుతో భాగించి గ్రాముకు ఇంత అని చెప్పగానే మొదటిదానికి 4, రెండవదానికి 2.6 వస్తాయి. ఇప్పుడు లావెక్కిన ఎలుక మందకొడిదై కూర్చున్నది, దాని లావుకు కారణం దాని మందకొడితనమే అన్న తీర్మానం కూడా సిద్ధమైంది. అంకెలన్నీ నిజమే, తీర్మానం మాత్రం అబద్ధం. ఎందుకంటే కాలేయం, గుండె, మెదడు, కండరం వాడినంత ప్రాణవాయువును కొవ్వు వాడదు. అదనంగా పెరిగిన కొవ్వు బరువును హారంలోకి చేర్చి భాగిస్తే జవాబు పడిపోవడం ఖాయం. శరీరంలో కొవ్వు ఎంత, మిగతా కండ ఎంత అని విడివిడిగా చూసి, బరువు తేడాలను గణితరీత్యా సరిచేసి పోల్చడం సరైన పద్ధతి. ఈ సంగతి పదేపదే మరుగున పడుతుండడం వల్ల 2012లో ఈ రంగంలోని శాస్త్రజ్ఞులు కొందరు కలిసి ‘నేచర్ మెథడ్స్’ పత్రికలో మార్గదర్శకంగా ఒక వ్యాసమే రాయవలసి వచ్చింది.

హారాన్ని ఎన్నుకోవడంతోనే సగం తీర్పు అయిపోతుందన్న విషయం డెల్టా మనిషికి వేరే చెప్పనక్కరలేదు. ధాన్యపు దిగుబడిని ఎకరాలతో భాగిస్తే ఈ నేల అన్నపూర్ణ. అదే దిగుబడిలో కౌలుపోను, ఎరువుపోను, వడ్డీపోను మిగిలినదాన్ని కౌలుదారు కుటుంబం చేలో గడిపిన దినాలతో భాగిస్తే వచ్చే జవాబుకు ఆ పేరు పెట్టడానికి ఎవరికీ నోరు రాదు. మొదటి లెక్క ప్రభుత్వ నివేదికలలో వుంటుంది, రెండవ లెక్క ఇళ్లలో వుంటుంది.

మనిషి శరీరానికి కూడా ఇటువంటి భాగహారం ఒకటి వుంది. బరువును ఎత్తు వర్గంతో భాగించి, 25 దాటితే అధిక బరువు అనడం ప్రపంచమంతటా అలవాటు. ఆ సూత్రానికి మూలం 19వ శతాబ్దపు బెల్జియం గణకుడు కెత్లే యూరోపియను శరీరాల మీద చేసిన లెక్కలలో వుంది. మన దేశస్థులలో అంతకంటే తక్కువ అంకె దగ్గరే, చూపుకు సన్నగా వున్నవారిలోనే, పొట్ట చుట్టూ కొవ్వూ రక్తంలో చక్కెరా పెరగడం వైద్యులు గమనించారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియావాసుల విషయంలో 23 దగ్గరనుంచే జాగ్రత్త పడాలని సూచించారు. ఈ మధ్యకాలమంతా, హారం ప్రకారం ఆరోగ్యవంతుడైన సన్నని కూలీ లోపల జబ్బును మోస్తూనే వున్నాడు.

మూడవ చిక్కు, కొలవకుండా వదిలినవారిది. కొవ్వుతిండి పెట్టి మధుమేహం తెప్పించే ప్రయోగాలలో మగ చిట్టెలుకలు త్వరగా లొంగుతాయి, ఆడవి కొంత తట్టుకుంటాయి. కనుక ఫలితం స్పష్టంగా రావడానికి మగవాటినే వాడడం చాలాకాలం ఆచారమైంది. అవి ఎందుకు తట్టుకుంటున్నాయన్న ప్రశ్నలోనే ఒక జవాబు దాగి వుండవచ్చునన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2016 నుంచి ఆడా మగా రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలని, తీసుకోకపోతే కారణం చెప్పాలని పరిశోధకులను కోరుతున్నాయి. నాట్లలో నడుము వంచే స్త్రీకి ఇచ్చే మందును మగ ఎలుక శరీరం ఒక్కటే నిర్ణయించకూడదని గ్రహించడానికి ఇంత కాలం పట్టింది.

ఇంతవరకు చెప్పినవి ఎక్కడో దూరదేశపు ప్రయోగశాలల సంగతులని కొట్టివేయడానికి వీలులేదు. మన చరిత్రలోనే ఇందుకు పెద్ద ఉదాహరణ వుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరి కొండలలోని కూనూరులో, పాశ్చర్ సంస్థకు చెందిన ఒకే ఒక గదిలో, బెరిబెరి వ్యాధిపై విచారణగా మొదలైంది. దానిని నడిపినవాడు మెకారిసన్ అనే బ్రిటిషు వైద్యాధికారి. బెరిబెరి మద్రాసు రాజధానిలో ముఖ్యంగా మన ఉత్తర సర్కారులను పీడించిన వ్యాధి. దానికి కారణం మన కంచంలోనే వుంది. మర యంత్రాలు వచ్చి తవుడంతా పోయేలా తెల్లగా మరపట్టిన పచ్చిబియ్యం తినడంతో, తవుడులో వుండే విటమిను శరీరానికి అందలేదు. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాలలో ఈ వ్యాధి అంతగా కనిపించలేదు, ఎందుకంటే వడ్లను ఉడికించినప్పుడు ఆ విటమిను కొంత గింజలోకి ఇంకుతుంది. రోకలి పోటుతో దంచుకున్న బియ్యం తిన్నంతకాలం మనకూ ఆ బెడద తక్కువే.

మెకారిసన్ అక్కడ ఆగలేదు. ఈ దేశంలోని వివిధ ప్రజలు తినే తిండ్లను ఎలుకలకు పెట్టి వాటి పెరుగుదలను కొలిచాడు. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలతో కూడిన సిక్కుల తిండి తిన్న ఎలుకలు పైన నిలిచాయి. అన్నం ఎక్కువై, పాలూ కూరలూ కొరవడిన ‘మద్రాసీ’ తిండి తిన్నవి అట్టడుగున నిలిచాయి. ఆనాటి మద్రాసు రాజధానిలో మన జిల్లాలూ వున్నాయని మరవకూడదు. ఈ ప్రయోగంలో ఒక గొప్పతనం వుంది. ఎలుకలన్నీ ఒకే సంతతివి. కనుక తేడా రక్తంలో లేదు, కంచంలో వుంది. కొన్ని జాతులు పుట్టుకతో వీరజాతులనీ, కొన్ని పుట్టుకతో దుర్బలమైనవనీ చెప్పిన సామ్రాజ్యవాద సిద్ధాంతానికి ఇంతకంటే సూటి జవాబు లేదు. కాని ఆ ఫలితాల పట్టిక మీద వేసిన శీర్షికలు మళ్ళీ జాతుల పేర్లే. ‘సిక్కు’, ‘పఠాను’, ‘బెంగాలీ’, ‘మద్రాసీ’ అని రాశారు. ఆ తిండి వెనక వున్న కూలి ఎంత, శిస్తు ఎంత, ఇంట్లో పాడి ఎవరికి వుంది, ఎవరికి లేదు అన్నది పట్టికలోకి ఎక్కలేదు. మద్రాసు రాజధానిలోని భూస్వామీ, అతని పాలేరూ ఒకే శీర్షిక కింద ఒకే ఎలుకలో కలిసిపోయారు. కొలత సరైనదే, వర్గీకరణలో న్యాయం తప్పింది.

ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి ఇప్పటి పేరు వచ్చింది. లోపాల వ్యాధుల కోసం పెట్టిన ఆ సంస్థలోనే, దశాబ్దాలుగా పెంచుతూ వచ్చిన విస్టార్ జాతి ఎలుకలలో 1990లలో తమంతట తామే లావెక్కే ఎలుకలు పుట్టాయి. వాటినుంచి రెండు సంతతులను వేరుచేశారు. ఒకటి స్థూలకాయం మాత్రమే గలది, రెండవది స్థూలకాయంతోపాటు చక్కెరను సర్దుకోలేనిది. ఇవి ఆగకుండా తింటాయి, లావెక్కినవాటికి పిల్లలు పుట్టవు. మధుమేహ పరిశోధనకు ఇవి మన దేశం సమకూర్చుకున్న సొంత నమూనాలు. బెరిబెరితో మొదలైన సంస్థ స్థూలకాయపు ఎలుకలను పెంచే దశకు రావడంలో కేవలం ఒక సంస్థ చరిత్రే కాదు, మన కంచపు చరిత్ర కూడా వుంది. రెండు చివరలలోనూ వున్నది తెల్లని మర బియ్యమే. మొదట అది ఒక్కటే వుండి తక్కినవి లేక జబ్బు చేసింది. ఇప్పుడు అది నిండుగా వుండి, దానిని కరిగించే శ్రమ తగ్గి, తక్కినవి ఇంకా చాలక జబ్బు చేస్తున్నది.

ఈ కథలో మరొక ఎలుకకు స్థానముంది. పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఆయన సహచరులు కలిసి 2015లో ప్రకటించిన పరిశోధన అది. విస్టార్ ఎలుకలను 50 తరాల పాటు చాలీచాలని తిండితో పెంచారు. ఆ తరువాత రెండు తరాలకు కడుపునిండా మామూలు తిండి పెట్టారు. రెండు తరాల తరువాత కూడా వాటి శరీరం కోలుకోలేదు. రక్తంలో ఇన్సులిన్ హెచ్చుగా వుంది, మధుమేహం తెప్పించే రసాయనానికి అవి తక్కిన ఎలుకలకంటే ఎనిమిది రెట్లు సులువుగా లొంగాయి. ఆకలి ఒక తరంలో పుట్టి ఆ తరంతోనే చావదని, తిండి దొరికిన మనుమల ఒంట్లో కూడా అది జబ్బుగా మిగలవచ్చునని ఆ ప్రయోగం సూచిస్తున్నది.

మన డెల్టాకు ఆకలి చరిత్ర లేదని ఎవరూ అనరు. జనం డొక్కల కరువని పిలిచిన 1832–33 కరువులో గుంటూరు జిల్లాలోని ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది చనిపోయారని ఆనాటి అంచనాలు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో గాని పూర్తి కాలేదు. నీళ్లు వచ్చిన తరువాత కూడా పండినదాంట్లో పాలేరు వాటా గింజలే. ఆ కరువుకూ ఈనాటి మధుమేహానికీ నేరుగా ముడివేయడం శాస్త్రం కాదు. ఎలుక తరాలు వేరు, మనిషి తరాలు వేరు. అయినా ఒక మాట చెప్పవచ్చు. రోగిని చూసి ‘నోరు కట్టుకోలేక తెచ్చుకున్నావు’ అనే తీర్పు, లావెక్కిన ఎలుకను బరువుతో భాగించి ‘మందకొడిది’ అన్న తీర్పులాంటిదే. హారంలో వుండవలసిన తరాల ఆకలిని తీసివేసి, రోగి ఒక్కడినే అక్కడ నిలబెట్టిన లెక్క అది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావాలి. మన వ్యాధి కోసం మరొక ప్రాణికి వ్యాధి తెప్పించడం న్యాయమేనా? కూడదనేవారి మాటను తేలికగా తీసిపారెయ్యడం తగదు. నొప్పి నొప్పే, అది తెల్లని రోమాల కింద వున్నంత మాత్రాన నొప్పి కాకుండా పోదు. కాని 1921–22లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద ప్రయోగాలు చేసి వుండకపోతే ఆనాడు ఇన్సులిన్ వచ్చేది కాదు. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు ఆ మందుతో బతికి బయటపడ్డాడు. అంతకుముందు అటువంటి పిల్లలకు చావు తప్ప దారి లేదు. ఆ పిల్లల కళ్ల ఎదుట నిలబడి ప్రయోగం వద్దని చెప్పగలిగిన అహింస నాకు అర్థం కాదు.

మన శిబిరంలోనే కొందరు దీనికి ఎదురు చివర నిలబడతారు. మనుషులు ఆకలితో వుండగా ఎలుకల మీద జాలి మధ్యతరగతి విలాసమంటారు. వరిచేలల్లో ఎలుకలు పట్టే యానాదికి తోకకు ఇంత అని కూలి ఇచ్చి వేలకొద్దీ ఎలుకలను చంపించే ఈ డెల్టాలో, ప్రయోగశాల ఎలుక కోసం సంఘాలెందుకని అడుగుతారు. ఈ వాదంలో ఒక తేడా మరుగున పడుతున్నది. చేలోని ఎలుక తన బతుకు తాను బతుకుతూ మన గింజకు పోటీ వచ్చింది, ఆ పోటీలో చస్తున్నది. ప్రయోగశాల ఎలుక మనకు ఏ పోటీకీ రాలేదు. దాని పుట్టుక మన నిర్ణయం, దాని జబ్బు మన నిర్ణయం, దాని గది వేడి మన నిర్ణయం, దాని చావు తేదీ మన నిర్ణయం. ఒక ప్రాణి బతుకులో ఎన్ని నిర్ణయాలు మనం చేస్తే అంత బాధ్యత మనది. పైగా జాలి ఒక కుండలోని నీళ్లవంటిది కాదు, ఎలుకకు పోస్తే మనిషికి తక్కువ కావడానికి.

కనుక ఈ ప్రయోగాన్ని హక్కుగా గాక అప్పుగా చూడడం సరైనదని నా అభిప్రాయం. అప్పు తీసుకోవడం తప్పు కాదు, ఎగవెయ్యడం తప్పు. ఆ అప్పు తీర్చే మార్గాలు మూడు.

మొదటిది నిజమైన కొలత. వణికే ఎలుకను మామూలు ఎలుక అని రాసినా, హారం తప్పుగా వేసి తీర్మానం చేసినా, ఆ ప్రాణి బాధ మొత్తం వృథా. చెడ్డ లెక్క ఇక్కడ కేవలం తెలివితక్కువ కాదు, క్రూరత్వం. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిషు శాస్త్రజ్ఞులు మూడు సూత్రాలు చెప్పారు: జంతువు లేకుండా పని జరిగితే జంతువును వాడవద్దు, వాడితే తక్కువ వాడు, వాడినంతలో బాధ తగ్గించు. ఈనాడు ప్రపంచమంతటా నైతిక సంఘాలకు అవే ఆధారం. కొలతలోని నిజాయితీ ఈ మూడింటికీ పునాది.

రెండవది, జవాబు తెలిసిన ప్రశ్నను మళ్ళీ ఎలుకను అడగకపోవడం. కూరలూ పప్పూ కొనలేని కంచంలో అన్నం గుట్టగా వుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి మరో వెయ్యి ఎలుకలు అక్కరలేదు. రాత్రి షిఫ్టులు, నిద్రలేమి, నడవడానికి చోటులేని వీధులు, పరీక్షకు వెళితే పోయే ఒకపూట కూలి, ఇవన్నీ మధుమేహాన్ని ఎలా పెంచుతాయో, ముదరబెడతాయో చాలావరకు తెలిసినదే. తెలిసిన జవాబును అమలుచెయ్యడానికి డబ్బూ ధైర్యమూ కావాలి. అవి లేని సమాజం ప్రయోగశాల గోడల వెనక తలదాచుకుని, ఇంకా పరిశోధన జరుగుతున్నదని చెప్పుకుంటుంది. తాను తీర్చవలసిన బాకీని ఎలుక మీదికి నెట్టడం అది.

మూడవది, ఫలితం ఎవరి పేర ప్రయోగం చేశారో వారికి చేరడం. ఇన్సులిన్ పేటెంటు హక్కును ఆవిష్కర్తలు 1923లో టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్క డాలరు నామమాత్రపు వెలకు ఇచ్చివేశారు. అది అందరిదీ కావాలన్నది వారి ఉద్దేశం. నూరేళ్లు గడిచాక ప్రపంచ ఇన్సులిన్ అమ్మకాలలో అత్యధిక భాగం మూడు పెద్ద కంపెనీల చేతుల్లో వుంది. సూది మందుకు డబ్బు చాలక రోజు విడిచి రోజు వేసుకునే రోగి వున్నంతకాలం, టొరంటో కుక్కలకు మనం పడ్డ అప్పు తీరలేదు.

చట్టం వేసి వుంచిన ఆ కుర్చీలో కూర్చునేవారు అడగవలసిన ప్రశ్నలు ఇప్పుడు స్పష్టమే. గది వేడి ఎవరి హాయికి పెట్టారు? పస్తు ఎవరి గడియారం ప్రకారం? దేనితో భాగిస్తున్నారు, ఎందుకు? ఎవరిని కొలవకుండా వదిలారు? ఈ ప్రశ్నకు జవాబు ఇంతకుముందే తెలుసునా? ఫలితం ఏ వెలకు ఎవరికి చేరుతుంది? వీటిలో ఏ ఒక్కటీ అడగడానికి జీవశాస్త్రంలో పట్టా అక్కరలేదు. నిజాయితీ గల శాస్త్రజ్ఞుడికి ఈ ప్రశ్నలంటే కోపం రాదు, ఎందుకంటే వీటిలో చాలావాటిని మొదట లేవనెత్తినవారు శాస్త్రజ్ఞులే.

మన విద్యార్థులకు కూడా ఈ ప్రశ్నలు నేర్పవలసిన అవసరం వుంది. దిగుబడి లెక్క, తలసరి ఆదాయపు లెక్క, ఉత్తీర్ణతా శాతం, ఇవన్నీ వారి ముందుకు నిష్పక్షపాతమైన అంకెలుగానే వస్తాయి. వాటిని నమ్మకూడదని నేర్పితే వారిని అజ్ఞానంలోకి నెట్టినవాళ్లమవుతాం, నమ్మి తీరాలని నేర్పితే బానిసత్వంలోకి నెట్టినవాళ్లమవుతాం. ప్రతి అంకె కింద వున్న గీతనూ, ఆ గీత కింద ఏమి పెట్టారో దాన్నీ చూడమని నేర్పడం ఉపాధ్యాయుల పని.